పీటెక్కిన మిషిను

నా పెట్టె తెరిస్తే అన్నీ రైక గుడ్డలే. ఎర్రయి, పచ్చయి, గళ్లయి, పూలయి. కుట్టిచ్చుకుందామంటే ఒక్కటీ మంచి గుడ్డ కాదు. ఉతికితే రంగు పోతది, తొడుక్కుంటే చంకల్ల పిగులుతది. ఇన్ని ఎందుకు దాచిపెట్టినవే అని మా చెల్లె ఒకసారి అడిగింది. ఆత్మకూరు చుట్టుపక్కల ఎన్ని ఇండ్లకు మా తలుపులు ఎక్కినయో అన్ని గుడ్డలు నా పెట్టెల పడ్డయే, అని చెప్పిన.

మాది వడ్లోల్ల ఇల్లు. మా మామ బాలన్న, మా ఆయన భీమయ్య, ఇద్దరూ తలుపులు, దర్వాజలు చేస్తరు. నా పేరు జములమ్మ. మా అమ్మ గద్వాల జములమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టినంట, అందుకే ఆ పేరు. ఆ తల్లి కోపం గూడ దీనికే వచ్చిందని మా ఆయన నలుగుట్ల అంటుంటడు. అననీ, నాకేంది.

మా దిక్కు కొత్తింటికి పెద్ద తలుపు ఎక్కిచ్చిన దినం ఇంటోల్లు కొబ్బరికాయ కొట్టి, బెల్లం పంచి, పనిముట్టు పట్టినోల్లకు తలా ఒక తువ్వాల కప్పుతరు. ఉప్పుకాయితం పట్టి చెక్కను నున్నగ రుద్దిన ఆడమనిషికి మాత్రం బొట్టు పెట్టి రైక గుడ్డ చేతుల పెడ్తరు. ఎందుకంటే పనిముట్టు అంటే బాడిష, ఉలి, రంపం, రంధ. ఉప్పుకాయితం పనిముట్టు కాదు, అది కాయితం. మా అత్త బతికున్నన్నాళ్లు ఆమె రుద్దింది. ఆమె పోయినంక నేను రుద్దుతున్న. ఉలి, బాడిష అయితే మా ఇంట్ల ఆడోల్లు ముట్టొద్దు, దాటొద్దు. ముట్టుకుంటే ఏమైతది మామా అని కొత్త కోడలిగ వచ్చినప్పుడు అడిగిన. "పదును పోతది" అన్నడు. అట్లనే అత్తను అడిగిన. ఆమె నవ్వి, "వాళ్ల పదును పోతదేమో" అన్నది. గంతె, ఆ మాట అక్కడికే అయిపోయింది.

రుద్దుడంటే గిన్నెలు తోమినట్టు అనుకుంటరు అందరు. కాదు. ముందుగాల గరుకు కాయితం, తర్వాత సన్నది, తర్వాత ఇంకా సన్నది. చెక్క గీత ఎటు పోతే చెయ్యి అటే పోవాలె. అడ్డం పోయిందా, పాలిష్ ఏసినంక ఆ గీరలు మొఖం మీది గోరుగాట్ల లెక్క కనబడతయి. అంత రుద్దినంక నేను ఇంత పత్తి తీసుకొని తలుపు మీద ఆ మూల నుంచి ఈ మూల దాంక మెల్లగ గుంజుత. ఒక్క పోగు ఎక్కడన్న తట్టుకొని ఆగిందంటే ఇంకా పని ఉన్నట్టు. పత్తి పత్తిలాగనే తిరిగొస్తే అయిపోయినట్టు. ఈ పత్తి ముచ్చట మా అత్త నేర్పింది. మా ఇంటి తలుపులు మొఖం చూసుకునేటట్టు ఉంటయని జనం మా మామను మెచ్చుకుంటుంటే, ఆయన మీసం దువ్వుకుంటుంటే, నేను వెనక నిలబడి నా పనే గదా అనుకుంటుంటి.

ఆ యేడు వానకాలంల నా వేళ్లు మొండికేసినయి. పొద్దుగాల లేస్తే ముడుచుకునే ఉంటుండె. ఒక్కొక్క వేలు పట్టి విప్పుకోవాలె. వనపర్తి దవాఖానకు పోతె డాక్టరమ్మ కణుపులు ఒత్తి చూసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఏం పని చేస్తవమ్మా అంటే చెప్పిన. "ఇగ ఆ రుద్దుడు బంద్ చెయ్యి. లేకుంటె అన్నం గూడ కలుపుకోలేవు" అన్నది.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన వెంటనే ఒప్పుకున్నడు. అంత తొందరగ ఒప్పుకుంటడనుకోలె.

"అయితే మానెయ్యి జములా. వెంకటన్న ఇంటి తలుపులకు గద్వాల నుంచి పాలిషోల్లను పిలుస్త. వాళ్ల దగ్గర రుద్దే మిషిను ఉంటది" అన్నడు.

వెంకటన్న అంటే ధరూర్ దిక్కు పత్తి చేన్లున్న రైతు. ఆత్మకూరుల కొత్తిల్లు కడ్తుండు. ఇంటి తలుపులన్నీ మాకే ఇచ్చిండు. పెద్ద తలుపుకు మా మామ స్వయంగ తామర పూలు చెక్కుతుండు. దీపావళి అయినంక మంచి రోజు చూసి తలుపు ఎక్కియ్యాలె.

"మరి నేనేం చెయ్యాలె?" అన్న.

"ఇంట్ల సల్లగ కూసో. ఇన్నేండ్లు చేస్తివి గదా."

"ఏం చేసిన ఇన్నేండ్లు?"

ఆయన జర ఆలోచించిండు. "రుద్దుతివి" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. ఆయన తిట్టలె, కొట్టలె, నా మంచికే చెప్పిండు. అదే ఇంకా మండింది. పాత చీపురు పారేసి కొత్తది తెచ్చుకున్నంత సులువుగ నా పని ఎవల చేతులనో పెడ్తుండు. కూసోని తినుడు నాకు చాతకాదు. ఆ తలుపుల నునుపు నాది. దాన్ని గద్వాలోల్లకు ఇయ్య.

"వాళ్ల దగ్గర మిషిను ఉంటే నా దగ్గర ఎందుకుండొద్దు?" అన్న.

మా ఆయన నవ్విండు. నవ్వనీ అనుకున్న.

బర్రె పాలమ్మి దాచుకున్న పైసలు కొంగున ముడేసుకొని, సంచిల ఒక టేకు ముక్క, ఇంత పత్తి పెట్టుకొని పొద్దుగాల బస్సెక్కిన. జూరాల కట్ట మీంచి బస్సు పోతుంటే నీళ్లు చూడబుద్ధి కాలె. మిషిను పట్టుకుంటే నా చేతులు ఆగుతయా, ఆగవా, అదొక్కటే గుబులు. గద్వాలల దిగి అమ్మవారి గుడి దిక్కు తిరిగి ఒక దండం పెట్టి, ఇనుప సామాన్ల దుకాణాలు వెతుక్కుంట పోయిన. మిషిన్లు అమ్ముడు, బాగు చేసుడు రెండూ చేసేది ఇంతియాజ్ అనే ఆయనే అని అందరు చెప్పిండ్రు.

ఇంతియాజ్ గడ్డం తెల్లబడ్డ మనిషి. ఒక డ్రిల్లు మిషిను విప్పి ముంగల పెట్టుకొని ఉన్నడు.

"చెక్క రుద్దే మిషిను కావాలె భాయ్" అన్న.

నా వెనక ఎవలన్న వస్తుండ్రా అని చూసిండు. "మీ ఇంటాయన రాలేదా అమ్మా?"

"ఆయనకెందుకు? రుద్దేది నేను."

ఇంతియాజ్ లోపలికి పోయి ఒక మిషిను తెచ్చిండు. పొడుగ్గ, ముంగల గుండ్రటి బిళ్లతోటి. కరెంటు పెట్టంగనే అది కేకేసింది, నేను రెండడుగులు వెనక్కి పోయిన. నా టేకు ముక్క దాని కింద పెట్టి చూపిచ్చిండు. తీసి చూస్తే నడుమ గుంత పడ్డది.

"ఇది రుద్దుతలేదు భాయ్, తింటుంది" అన్న.

"అందరు ఇదే కొంటరమ్మా. పని తొందరగ అయితది."

"నాకు తొందరేం లేదు. నున్నగ కావాలె."

అప్పుడు పై అరల నుంచి ఒక డబ్బ దించిండు. దుమ్ము దులిపి విప్పిండు. అరచేతి కిందికి వచ్చేటట్టు, బట్టల సబ్బు కన్న జర పెద్దగ ఉన్నది. కింద చదరంగ మెత్తటి పట్టి. దానికి ఉప్పుకాయితం చుట్టి రెండు దిక్కుల క్లిప్పులేసి బిగియ్యాలె. వెనక దుమ్ము పోతందుకు చిన్న సంచి. పట్టుకొమ్మని నా చేతికే ఇచ్చిండు. మీట నొక్కంగనే అది చేతుల జుమ్మన్నది, పట్టుకున్న తేనెటీగ లెక్క. టేకు ముక్క మీద పెట్టిన.

"నొక్కొద్దమ్మా" అన్నడు ఇంతియాజ్. "దాని బరువు దానికే సాలు. నువ్వు ఊకె తోవ చూపియ్యి."

జరసేపు తోవ చూపిచ్చిన. ఆపి, సంచిల నుంచి పత్తి తీసి చెక్క మీద గుంజిన. గుంత పడ్డ కాడ తట్టుకున్నది గాని మిగిలిన కాడ పత్తి పత్తిలాగనే వచ్చింది. నా వేళ్లు చూసుకున్న. జుమ్మంటున్నయి గాని నొస్తలేవు. ఆ దుకాణంల నిలబడి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"కొంగుల ముడేసిన పైసలు ఇప్పుతున్న భాయ్, జర ధర చూసి చెప్పు" అన్న. చూసే చెప్పిండు.

ఇంటికి తెస్తే మా మామ డబ్బను అటు తిప్పి ఇటు తిప్పి, "ఏందది, మిక్సీనా?" అన్నడు. చూడు మామా అని ఒక కిటికి తలుపు మీద నడిపి చూపిచ్చిన. ఆయన చెయ్యి పెట్టి తడిమిండు, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసిండు, ఏం అనలె. ఏం అనలేదంటే మా మామ మెచ్చినట్టే లెక్క. దుమ్ము మస్తు లేస్తుండె. ముక్కుకు ఏం కట్టుకుందామా అని చూసి, పెట్టె తెరిచి ఒక రైక గుడ్డ తీసి కట్టుకున్న. ఇన్నేండ్లకు అవి ఒక పనికొచ్చినయి.

కరెంటు ఉన్నప్పుడు మిషిను, పోయినప్పుడు వంట, బర్రె. గట్ల ఇంట్లకు పోయే తలుపులు ఒక్కొక్కటి అవుతుండె. ఇంతల దసరా వచ్చింది.

దసరా నాడు వడ్లోల్ల ఇంట్ల పనిముట్లకు పూజ. బాడిష, ఉలి, రంపం, రంధ అన్నీ తళతళ కడిగి, పీట మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొడ్తరు. ఆ దినం ఏ పనిముట్టుతోనూ పని చెయ్యరు. తెల్లారి మల్ల పట్టుకుంటరు. నేను పొయ్యి కాడ బూరెలు ఏస్తున్న. మా మామ వాకిట్ల తొట్టి కాడ కూసోని పనిముట్లు కడుగుతున్న సప్పుడు వినబడుతుండె. నైవేద్యం పట్టుకొని వచ్చి చూస్తే, పీట నడుమ, బాడిష పక్కన నా మిషిను! మూడు నామాలు, మీద కుంకుమ బొట్టు, నెత్తిన ఒక బంతి పువ్వు. నా కడుపు నిండిపోయింది. నా మిషిను పీటెక్కింది అనుకున్న. ఆ పూట ఎవలు అడిగినా అడగకపోయినా బూరెలు రెండు రెండు ఎక్కువేసిన.

తెల్లారి పనికి కూసుందామని పీట కాడికి పోయి చెయ్యి చాపిన.

"ఆగు" అన్నడు మా మామ. "ముట్టకు."

"ఏమైంది మామా?"

"అది పీటెక్కింది. పూజ చేసినం. ఇప్పుడది పనిముట్టు. ఆడోల్లు ముట్టొద్దు. భీమయ్యా, నువ్వు పట్టు."

నా చెవులను నేను నమ్మలె. "నేను కొన్న మిషిను మామా! నిన్న మొన్నటి దాంక నేనే పట్టుకుంటి గదా!"

"మొన్నటి లెక్క వేరు. అప్పుడది ఒట్టి సామాను."

మా ఆయన ఇద్దరి నడుమ నిలబడి అటు చూసిండు, ఇటు చూసిండు. నాయన మాట తీసెయ్యలేక మిషిను అందుకున్నడు. పిన్ను పెట్టి మీట నొక్కిండు. టప్ మన్నది. నీలం మంట లేసి, కాలిన వాసన వచ్చి, ఇంటి కరెంటంత పోయింది. మా ఆయన మిషిను కింద పడేసి చేతులు దులుపుకున్నడు.

"చూసినవా" అన్నడు మా మామ, గొంతు తగ్గిచ్చి. "ముందుగాల ఆడమనిషి ముట్టింది. దోషం తగిలింది."

నేను పిన్ను పీకి, మిషిను ఎత్తి, గాలి పోయే బొక్కలు కిందికి చేసి ఊపిన. బొట్టు బొట్టుగ నీళ్లు కారినయి. గచ్చు మీద చిన్న మడుగైంది.

"మామా, దీన్ని కడిగినవా?"

మా మామ ఆ నీళ్ల దిక్కు చూసిండు. "కడగకుంట పూజ చేస్తరా? తొట్టిల ముంచి మంచిగ కడిగిన. ఉలి లెక్కనే."

నవ్వాలెనా ఏడ్వాలెనా తెల్వలె. ముసలాయన నా మిషిను మీద ప్రేమతోనే దాన్ని ముంచి సంపిండు. "దోషం నాదో తొట్టిదో ఇప్పుడు చెప్పుండ్రి" అని అర్సిన. మా ఆయన, "పోనీలే జములా, దాని గీత గంతె. పాలిషోల్లను పిలుస్త" అన్నడు. మల్ల పాలిషోల్లు! నేను మిషిను తువ్వాలల చుట్టుకున్న.

"నేను బాగు చేపిచ్చుకొస్త. తెచ్చినంక నేనే పట్టుకుంట. ఎవలన్న అడ్డం వస్తే అప్పుడు చూస్త" అని చెప్పి బస్సు కాడికి పోయిన.

ఇంతియాజ్ దుకాణం ముంగల జాగ లేదు. డ్రిల్లులు, రంపం మిషిన్లు, పిండి గిర్ని మోటర్లు, అన్నింటి మీద పసుపు కుంకుమలు. ఒకదాని మీద బంతి పూలు గూడ వాడి అట్లనే ఉన్నయి.

నన్ను చూడంగనే ఆయన తల కొట్టుకున్నడు. "నువ్వు గూడనా అమ్మా? ఏటా దసరా తెల్లారి గిదే నాకు పండుగ. మీ దేవునికి తడి బట్టతోటి తుడిస్తే సాలదా?"

"మా మామకు చెప్పు భాయ్."

"అంత పెద్దాయనకు నేనేం చెప్త?"

ఆయన విప్పుతుంటే నేను పక్కన కూసున్న. కాలిన తీగ చూపిచ్చిండు. లోపలి మోటరు మొత్తం మార్చాలె అన్నడు. మార్చుతున్నంతసేపు ఇదేంది, అదేంది అని అడుగుతనే ఉన్న. దుమ్ము ఎట్ల ఊదాలె, అరిగే బొగ్గు ముక్కలు ఎక్కడుంటయి, వాటిని ఎట్ల మార్చాలె, అన్నీ నా చేతితోనే చేపిచ్చుకున్న. ఇగ దీని గురించి ఇంకెవల్నీ అడిగేది లేదు అనుకున్న.

ఇంటికొస్తే మా ఆయన సందుల ఎదురొచ్చిండు. చుట్టూ చూసి గొంతు తగ్గిచ్చిండు.

"జములా, నేనొక ఉపాయం ఆలోచిచ్చిన. నాయినకు గిట్ల చెప్దాం. పీటెక్కిన మోటరు కాలిపోయింది, ఇది కొత్తది, దీనికి పూజ కాలె. గందుకని ఇది పనిముట్టు కాదు, ఒట్టి ఉప్పుకాయితమే, కరెంటు తిప్పుతది గంతె. అప్పుడు నువ్వు పట్టుకోవచ్చు. ఆయన మాట నిలబడ్తది, నీ పనీ నడుస్తది."

పాపం, పొద్దంత బుర్ర పగలగొట్టుకొని ఉంటడు. మంచి ఉపాయమే. ఒప్పుకుంటే ఏ లొల్లీ ఉండకపోతుండె. కాని ఒప్పుకోబుద్ధి కాలె.

"నీ తెలివికి దండం" అన్న. "ఇన్నేండ్లు అదే గదా చెప్పిండ్రు? కాయితం పనిముట్టు కాదు, రుద్దుడు పని కాదు, అని. మీ అమ్మ గూడ వేళ్లు వంకర పోయి సచ్చిపోయింది, ఆమె ఏం పని చేసిందంటే మీకు చెప్ప రాదు. ఇప్పుడు నేను మల్ల నా నోటితోనే ఇది పనిముట్టు కాదని చెప్పాలెనా? చెప్ప. ఇది పనిముట్టే."

సక్క మా మామ మంచం కాడికి పోయిన.

"మామా, దీన్ని నువ్వే పీట మీద కూసోబెట్టినవు. నువ్వు పెట్టిన కుంకుమ ఇంకా పోలె, చూడు. ఇది పనిముట్టే, నువ్వు చెప్పింది నిజమే. కాని నాది. నేనే పట్టుకుంట."

మా మామ మొఖం మాడిపోయింది. ఆయనకు ఎవలూ ఎదురు మాట్లాడరు. మంచం మీద లేసి కూసున్నడు.

"నువ్వు పట్టుకుంటే ఆ పెద్ద తలుపుకు నేను భుజం పట్ట" అన్నడు.

ఇంటి పెద్ద భుజం పట్టి లేపకుంటె మాలో ఏ తలుపూ ఎక్కదు. వెంకటన్నకు మాటిచ్చి ఉన్నం.

"అది నీ ఇష్టం మామా" అన్న. "నా పని నేను చేస్త."

రైక గుడ్డ ముక్కుకు కట్టుకొని మిషిను పట్టిన. మా మామ మంచం అటు తిప్పుకొని గోడ దిక్కు మొఖం పెట్టి పండుకున్నడు. తిననీకి గూడ నన్ను పిలవకుంట కొడుకును పిలుస్తుండు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు చేసిన. ఉడుకుతున్న పప్పు దించి మరీ చేసిన. లోపలి తలుపులన్నీ అయిపోయినయి. ఇగ పెద్ద తలుపు పట్టుకున్న.

మిషిను సప్పుడు పెద్ద తలుపు కాడ వినంగనే మా మామ మంచం మీంచి దుంకి వచ్చిండు.

"నా పూలు! నా పూల మీద పెట్టకు దాన్ని!"

ఆపిన. తామర పూలు సల్లగ ఉన్నయి, నేను చుట్టూ పలక మీదనే నడుపుతున్న.

"నీ పూల దగ్గరికి నేనెందుకు తెస్త మామా? గీ చదరం మిషిను ఆ రేకుల సందుల్ల దూరుతదా? అవి చేతితోనే రుద్దాలె."

"మరి రుద్దు."

నేను చేతులు చాపి చూపిచ్చిన. కణుపులు ఉబ్బి, చిటికెన వేలు పక్కకు ఒరిగి ఉన్నది. ఇన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నం గాని ఆయన నా చేతులు చూసింది అప్పుడే కావచ్చు.

"నిరుడైతే రుద్దుదును. ఇప్పుడు కాదు. నీ కొడుకు పాలిషోల్లను పిలుస్తనంటుండు."

"వాళ్లకియ్య" అన్నడు ఠక్కున. "రేకుల అంచులు కొరికేస్తరు."

"అయితే చెక్కినోల్లే రుద్దుకోవాలె" అని ఒక సన్న కాయితం, ఒక వెదురు పుల్ల ఆయన మంచం మీద పెట్టి బర్రెకు కుడితి పెట్టనీకి పోయిన.

తిరిగొచ్చేసరికి సర్ర్, సర్ర్ అని సప్పుడు. నేను అక్కడనే ఆగిపోయిన. మా మామ బాలన్న, ఆత్మకూరు బాలన్న, గొంతుక్కూసోని ఉప్పుకాయితం పట్టి రుద్దుతుండు.

"ఏంది గట్ల చూస్తవు? పని చూస్కో" అన్నడు తల ఎత్తకుంట.

"చూస్తలేను మామా. కాని అడ్డం రుద్దుతున్నవు. రేకు ఎటు పోతే అటు పోవాలె."

కోపంగ చూసిండు. తర్వాత రేకు పోయినట్టే రుద్దిండు. పొద్దంత ఆయన ఒక దిక్కు, నేను ఒక దిక్కు, ఒక్క తలుపు మీదనే. మా ఆయన బజారు నుంచి వచ్చి ఈ కథ చూసి, ఏమన్న అంటే ఎవలు కొడ్తరో అని మల్ల బజారుకే పోయిండు.

తెల్లారి చాయ్ ఇయ్యనీకి పోతె మా మామ మంచం మీద కూసోని తన చేతులు చూసుకుంటుండు. వేళ్లు ముడుచుకొని ఉన్నయి. గిలాస పట్టుకోబోతే పట్టు దొరకలె. రెండు అరచేతుల నడుమ పట్టుకున్నడు.

"రోజూ గిట్లనే ఉంటుండెనా?" అన్నడు, చాయ్ దిక్కు చూసుకుంట.

"రోజూ."

"మీ అత్తకు గూడనా?"

"అత్తకు గూడ."

చాయ్ సల్లారే దాంక అట్లనే పట్టుకొని కూసున్నడు. ఆయన మీద కోపమంత పోయిందనను. కాని జర తగ్గింది.

పూలు అయిపోయినయని ఆయన అన్న దినం పత్తి తెచ్చి ఆయన చేతికే ఇచ్చిన. ముందుగాల నా పలక మీద గుంజిండు, ఆ మూల నుంచి ఈ మూల దాంక. ఎక్కడా ఆగలె. మల్ల ఒకసారి గుంజిండు, తప్పు దొరకవడదామని. దొరకలె. అప్పుడు తన పూల మీద గుంజిండు. నడిమి పువ్వు కాడ ఒక పోగు తట్టుకొని ఊగులాడింది.

"ఇంకా అయిపోలె మామా" అన్న.

మా మామ కాయితం తీసుకొని మల్ల కూసున్నడు.

తలుపు ఎక్కిచ్చే దినం వెంకటన్న కొత్తింటి ముంగల సుట్టాలందరు వచ్చిండ్రు. పంతులు గడియారం చూస్తుండు. మా మామ అరుగు మీద కూసోని లేస్తలేడు. ఇంట్ల నుంచి బయలెల్లేటప్పుడు గూడ భుజం పడ్తననలె, పట్టననలె. మా ఆయన నా దిక్కు చూసిండు, నీ వల్లనే అన్నట్టు. నేను తల దించలె.

"టైమైంది" అన్నడు పంతులు.

మా మామ లేసిండు. ధోతి గోచి బిగిచ్చుకొని వచ్చి తలుపు కింద భుజం పెట్టిండు. "చూస్తున్నవేంది, అటు పట్టు" అని కొడుకును కసిరిండు. తలుపు లేసింది, కీలుల్ల కూసున్నది, సప్పుడు లేకుంట తిరిగింది. కొబ్బరికాయ పగిలింది. జనం వచ్చి తలుపు తడిమి చూసి, అబ్బ, ఏం నునుపు అంటుండ్రు.

వెంకటన్న మా మామకు ఒక తువ్వాల కప్పిండు, మా ఆయనకు ఒకటి కప్పిండు. వెంకటన్న పెండ్లాం సుమన పళ్లెంల కుంకుమ, పచ్చ రైక గుడ్డ పెట్టుకొని నా కాడికొచ్చింది. బొట్టు పెట్టిచ్చుకున్న. గుడ్డ ఇయ్యబోతే చేతులు వెనకకు పెట్టుకున్న.

"ఇది వద్దక్కా."

ఆమె మొఖం చిన్నబోయింది. "ఏమైంది జములమ్మా, రంగు నచ్చలేదా?"

"రంగు కాదక్కా. నేను పనిముట్టు పట్టిన."

శుభం నాడు పెట్టిన గుడ్డ వద్దంటరా అని ఎవలో ముసలామె గొణిగింది. మా ఆయన నేల చూస్తుండు. వెంకటన్న పరేషాన్ అయి మా మామ దిక్కు తిరిగిండు. "ఏం బాలన్నా, మీ పనోల్ల లెక్క మాకేం తెలుసు. నువ్వే చెప్పు."

మా మామ మెల్లగ నా కాడికొచ్చిండు. తన భుజం మీది తువ్వాల తీసి, మడత సరిచేసి, నా భుజం మీద కప్పిండు.

"మిషిను పట్టింది ఈమె. తువ్వాల ఈమెది" అన్నడు, అందరికి వినబడేటట్టు.

"మరి నీకు ఇంకొకటి తెప్పిస్త ఉండు" అన్నడు వెంకటన్న.

"వద్దు" అన్నడు మా మామ. సుమన ముంగల చెయ్యి చాపిండు. వేళ్లు ఇంకా సరిగ విచ్చుకుంటలేవు. "ఉప్పుకాయితం రుద్దింది నేను. ఆ రైక గుడ్డ నాకియ్యమ్మా."

జనం నవ్విండ్రు, ముసలాయన ఎకసక్కం ఆడుతుండనుకొని. ఆయన నవ్వలె. సుమన ఏం చెయ్యాలెనో తెల్వక, ఇచ్చింది. ఆయన దాన్ని రెండు కండ్లకు అద్దుకొని నడుముకు చెక్కుకున్నడు. మా అత్త యాదికొచ్చింది నాకు. కండ్లల్ల నీళ్లు ఆగలె. కొత్త తువ్వాలతోనే తుడుచుకున్న.

ఆ పచ్చ గుడ్డ నా పెట్టెలకు రాలె. మా మామ దాంట్ల తన సన్న ఉలిని చుట్టి పెట్టుకున్నడు. మల్ల యేడు దసరాకు ఆ గుడ్డనే తడిపి, గట్టిగ పిండి, నా చేతికిచ్చి, "నీ పనిముట్టు నువ్వే తుడిచి పీట మీద పెట్టు" అన్నడు.